మరక పోని యాసిడ్

కోడలి పొడి డబ్బా మీది అక్షరాలను అత్తగారు కూడబలుక్కుని చదివింది. 'అమైనో' అర్థం కాలేదు. 'యాసిడ్' దగ్గరికొచ్చేసరికి గుండె ఝల్లుమంది. ఆ ఇంట్లో యాసిడ్ అంటే బాత్రూం బండలు కడిగే సీసా ఒక్కటే. కండల పోటీ అంటూ పిచ్చి పట్టి, పిల్ల రోజూ దీన్నా నీళ్లలో కలుపుకుని తాగుతోంది!

మరో ఆలోచన లేకుండా డబ్బా మొత్తం బాత్రూంలో బోర్లించింది. చెయ్యి ఊరుకోక, కాసిని నీళ్లు పోసి చీపురుతో రుద్దింది కూడా. గులాబీ రంగు నురగ వచ్చింది గానీ, మూలనున్న పచ్చటి మరక చెక్కు చెదరలేదు. ఇది అసలు యాసిడేనా అని అప్పుడొచ్చింది అనుమానం.

సాయంత్రం జిమ్ నుంచి వచ్చిన కోడలు ఖాళీ డబ్బా చూసి కుర్చీలో కూలబడింది. "అత్తయ్యా, పోటీ ఎల్లుండి! ఇన్నాళ్ల కష్టం..."

"నీ పేగులు కాలిపోతాయని భయమేసిందే తల్లీ!"

అంతంత బరువులెత్తే పిల్ల కంటనీరు పెట్టడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

కొడుకు నవ్వాపుకుంటూ, "నిమ్మకాయలో ఉన్నదీ యాసిడేనమ్మా," అన్నాడు.

"నోర్ముయ్. ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

కోడలు తన కోచ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. సంగతంతా విని ఆ కోచమ్మ పకపకా నవ్వింది.

"అది అక్కర్లేదని మొదట్నుంచీ అంటున్నా, వింటేగా! కొందరికి ఈ పొడి, కొందరికి ఉత్తుత్తి పొడి ఇచ్చి, ఎవరిది ఏదో చెప్పకుండా పరీక్షలు చేశారు. మాంసకృత్తులు సరిపడా తినేవాళ్లకి దీనివల్ల కండ ఎక్కువ పెరిగిందని గట్టి రుజువేం దొరకలేదు. మాంసకృత్తుల్లో ఉండే అమైనో యాసిడ్లలో ఆ డబ్బాలో ఉన్నవి మూడు రకాలే. కండ కట్టాలంటే మిగతావీ కావాలి. అవన్నీ గుడ్లలో, పాలల్లో ఉన్నాయి. ఇంతకీ నీకు గుడ్లు ఎవరు ఉడకబెడుతున్నారు?"

"అత్తయ్య."

"మరింకేం! నీ కండంతా ఆవిడ గిన్నెలోంచి వచ్చిందే. హాయిగా పడుకో."

అది విన్నాక గానీ అత్తగారు కుర్చీలో కూర్చోలేదు. కోడలు కళ్లు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది.

"పోనీ, ఆ మరకైనా పోయిందా అత్తయ్యా?"

"ఎక్కడ పోయిందీ!" అత్తగారు లేచి, గుడ్ల గిన్నె పొయ్యి మీద పెట్టింది. "అటు కండకీ పనికిరాలేదు, ఇటు బండకీ పనికిరాలేదు."