అంటించిన గీత

అద్దం అంచు రాయికి తగలగానే కీచుమంది. అద్దాలాయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి, మెల్లగా తిప్పుతూ, తిరిగే రాయికి ఆనించి పట్టుకున్నాడు. పైన గొట్టంలోంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. అరిగిన పొడి ఆ నీళ్ళలో కలిసి తెల్లటి బురదలా మణికట్టు మీదికి కారుతోంది. మధ్యమధ్య అద్దాన్ని తీసి ఫ్రేములో పెట్టి చూస్తాడు. వెంట్రుకవాసి ఎక్కువుంటే కూర్చోదు, తక్కువైతే ఊడిపోతుంది. కళ్ళజోళ్ళ దుకాణం వెనక, కిటికీ లేని గదిలో, అతని జీవితమంతా ఈ వెంట్రుకవాసి చుట్టూనే గడిచింది. ముందు గదిలో కొత్త కళ్ళజోడు పెట్టుకుని మురిసిపోయే వాళ్ళెవరికీ వెనక ఇలాంటి మనిషొకడున్నాడని తెలియదు. అతనికీ వాళ్ళ ముఖాలు తెలియవు, ముక్కుల వెడల్పు తప్ప.

ఒక్క ముక్కు మాత్రం బాగా తెలుసు, బావది. దాని మీద ఉండాల్సిన నల్లటి మందపాటి ఫ్రేము ఇప్పుడు అతని పక్కనున్న ట్రేల దొంతరలో అట్టడుగున పడి ఉంది. ఎడమ కాడ విరిగితే అక్క నల్లదారం చుట్టి బిగించిన ఫ్రేము అది. కిందపడి ఒక అద్దం పగిలింది, రెండో కంటికి పవరు మారింది. పోయిన వారం అక్కే వచ్చి ముందు గదిలో ఇచ్చి వెళ్ళింది. ఊళ్ళో ఇన్ని దుకాణాలుండగా ఇక్కడికే ఎందుకొచ్చిందో అతనికి తెలియకపోలేదు. బావనీ బావమరిదినీ ఒక కళ్ళజోడుతో కలిపేద్దామని చూస్తోంది, వెర్రిబాగులది. కొత్త ట్రే వచ్చినప్పుడల్లా అతను ఆ నల్ల ఫ్రేమును తీసి మళ్ళీ అడుక్కి తోస్తున్నాడు.

యజమాని తలుపు సందులోంచి తల పెట్టాడు.

"ఆ నల్ల ఫ్రేము ఇంకా అవలేదేమయ్యా? ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది."

"పెద్ద పవరండీ. అద్దాలు రావాలి."

అద్దాలు ఎప్పుడో వచ్చాయి. అతని సొరుగులోనే ఉన్నాయి. అబద్ధం చెప్పినందుకు అతనికి ఇసుమంత సిగ్గు కూడా వేయలేదు. కాస్త హాయిగా కూడా ఉంది.

యజమానితో లాభం లేదనుకుందేమో, అక్క ఈసారి నేరుగా అతనికే ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావకి ఆ కళ్ళజోడు లేక ఏమీ కనబడటం లేదురా. అంతకు ముందరి పాత జోడు పెట్టుకుంటే అంతా మసకేనట. ఒంట్లో కూడా బాగుండటం లేదు. మంచం దిగడం లేదు."

"దిగకపోతే పడుకోమను. పడుకునేవాడికి కళ్ళజోడెందుకే?"

"సరే లేరా, నీకు వీలైనప్పుడే చెయ్యి" అని అక్క పెట్టేసింది. అతను ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకుని మళ్ళీ రాయి తిప్పాడు. మంచం దిగడం లేదట! బావకి జలుబు చేస్తే ఇల్లంతా ముసుగు తన్నాలి. అతనికి తెలియని బావా?

బావ దుకాణాలకు బోర్డులు రాసి బతికినవాడు. గీత కాస్త వంకర పోతే ఆ రాత్రి అన్నం సయించని మనిషి. ఆ పని మానేశాక కంప్యూటరు ముందు కూర్చుని ఒక మ్యాపు పట్టుకున్నాడు. జనమే ఎవరికి వాళ్ళు ఊరికే గీసి, ఒకరిది ఒకరు దిద్దుకుంటూ తయారు చేసే మ్యాపు అది. ఒకరు బస్టాపులు పెడతారు, ఒకరు బావులు పెడతారు. బావ చెట్లు పట్టుకున్నాడు. పైనుంచి తీసిన ఫోటో తెర మీద పరుచుకుని, అడవి అంచు వెంబడి చుక్క మీద చుక్క పెడుతూ పోయేవాడు. చుక్కల్ని కలిపితే గీత, గీత చుట్టి వస్తే అడవి. ఫోటోలో చెట్టు నీడ చెట్టుకంటే ముందుకు సాగి మోసం చేస్తుందని, ప్రతి అంచుకీ గొడుగు పట్టుకుని స్వయంగా వెళ్ళి చూసి వచ్చేవాడు.

ఆ పిచ్చిని బావమరిదికి కూడా అంటించింది ఆయనే. ఆదివారాలు అక్క చేతి భోజనం అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాడు. వెనక గదిలో అద్దాలరగదీసే మనిషికి, తను గీసిన గీత ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చనే సంగతి తలకెక్కింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా, బస్టాండు వెనకున్న చిన్న పార్కునీ దాని పక్క చెట్లనీ తానే గీశాడు. పార్కు గీత అప్పటికే ఉంది కదా అని, అడవి అంచుని ఆ గీతకే అంటించేశాడు. రెండు పనులు ఒక్క గీతతో అయిపోయాయి. అది చూపిద్దామని ఆదివారం కోసం ఎదురుచూశాడు.

ఆదివారం దాకా బావ ఆగలేదు. దాని కింద, మ్యాపు గీసే వాళ్ళందరూ చదివే చోట రాశాడు: "బద్ధకస్తుడి పని. చెట్లు ఎక్కడ ఆగాయో వెళ్ళి చూడనివాడు గీయకూడదు." గీసిందంతా చెరిపి తానే మళ్ళీ గీశాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు నలుగురు చేరి నవ్వారు. వారం వారం ఒకే విస్తరి దగ్గర కూర్చునే మనిషి, ఆ ముక్క నాలుగు గోడల మధ్య చెప్పకూడదా? ఆరేళ్ళు గడిచాయి. అద్దాలాయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మ్యాపు మాత్రం మానలేదు. బావ ఎక్కడ గీస్తే అక్కడికి వెనకే వెళ్ళి, గీత గీతనీ భూతద్దంతో చూసినట్టు చూశాడు. ఒక్క తప్పూ దొరకలేదు. తిట్టిన తిట్టుకంటే అది ఎక్కువ మండేది.

నిన్న సాయంత్రం దొరికింది.

పెద్ద పార్కు వెనక అడవి బావకి ప్రాణం. దాన్ని నెలల తరబడి గీస్తున్నాడు, ప్రతి వంపునీ ప్రతి ఖాళీనీ వదలకుండా. ఆ అడవి చివరి వైపు, పార్కు కంచె పొడుగునా, గీత రెండుగా లేదు. ఒక్కటే ఉంది. అడవిని పార్కుకి అంటించేశాడు! తిట్టిన తప్పే తాను చేశాడు. అద్దాలాయన ఆ గీతని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసుకున్నాడు. ఆనందంతో అతనికి అన్నం సయించలేదు.

ఇవాళ మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పకుండానే పెద్ద పార్కుకి బయలుదేరాడు. ఊరికే ఫోటో చూసి అనేస్తే బావ తప్పించుకుంటాడు. అందుకే వెళ్ళి చూడాలి. ఎండ మండిపోతోంది. ఊయలల దగ్గర ఎవరూ లేరు. తోటమాలి గొట్టంతో గడ్డి తడుపుతూ ఇతన్ని చూసి, దారి అటు లేదన్నట్టు చెయ్యి ఊపాడు. అద్దాలాయన కంచె దాటాడు. కంచెకి అవతల గడ్డి, గడ్డి తర్వాత ఎండిన మురుగుకాలువ, దాని గట్టు మీద జనం నడిచి నడిచి పడిన కాలిబాట. అవన్నీ దాటాకే మొదటి చెట్టు. బావ గీత ప్రకారం ఈ కాలిబాటా కాలువా అన్నీ అడవే. అతను కంచె దగ్గరొక ఫోటో, కాలువ దగ్గరొక ఫోటో, మొదటి చెట్టు మొదలు దగ్గరొక ఫోటో తీశాడు.

ఆ చెట్టు బెరడు మీద చెయ్యి వేసినప్పుడు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఇలాంటి అంచునే ఒకసారి బావ గొడుగు కొనతో చెట్టుని తట్టి, "పార్కు మనం గీసింది, అడవి తనకి తాను గీసుకుంది, ఈ రెంటినీ కలపకురా" అన్నాడు. గుర్తొచ్చినందుకు ఒళ్ళు మండింది. నీతులు ఎదుటివాడికేనన్నమాట!

టీ వేళకి, రాయి ఆపి, తడి వేళ్ళు చొక్కాకి తుడుచుకుని ఫోన్ తీశాడు. ఫోటోలు పెట్టాడు. వాటి కింద కొత్త మాటలు వెతుక్కోలేదు. ఆరేళ్ళుగా కంఠతా వచ్చిన మాటలే ఉన్నాయి. "బద్ధకస్తుడి పని. చెట్లు ఎక్కడ ఆగాయో వెళ్ళి చూడనివాడు గీయకూడదు." టీ చల్లారేలోపే ఒకరు నవ్వారు, ఇంకొకరు "పెద్దాయన కూడానా!" అన్నారు. అద్దాలాయనకి కడుపు నిండింది. చల్లారిన టీ కూడా అమృతంలా ఉంది.

పొద్దు వాలుతుండగా జేబులో ఫోన్ మోగింది. అక్క. మొగుణ్ణి అన్నారని పోట్లాటకి వచ్చిందనుకుని నవ్వుకున్నాడు. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మళ్ళీ ఎత్తలేదు. మోగనీ, ఆ ఇంట్లో కాస్త మంట పుట్టనీ.

అప్పుడు తట్టింది అతనికి. బావ అది చదవాలి కదా! ఎవరో చదివి చెబితే ఏం మజా? తన కళ్ళతో, అక్షరం అక్షరం, చదవాలి. చదువుతుంటే ఆ ముఖం చూడాలి. అతను దొంతర అడుగునుంచి నల్ల ఫ్రేము లాగాడు. సొరుగులోంచి అద్దాలు తీశాడు. ఇన్నేళ్ళలో ఏ అద్దాన్నీ ఇంత శ్రద్ధగా అరగదీయలేదు. అంచు మీద వేలు పెట్టి తిప్పి, ఎక్కడ గరుకు తగిలినా మళ్ళీ రాయికి ఆనించాడు. రెండు అద్దాలూ ఫ్రేములో టక్కున కూర్చున్నాయి. మెత్తటి గుడ్డతో తుడిచి దీపం కేసి పట్టి చూశాడు. మచ్చ లేదు. అక్క చుట్టిన దారం మాత్రం అలాగే ఉంచాడు.

"నేనే ఇచ్చొస్తానండీ, దారిలోదే" అన్నాడు యజమానితో.

అక్క ఇంటి తలుపు తీసే ఉంది. బయట తెలియని చెప్పులు. లోపల పక్కింటి వాళ్ళు ఇద్దరు ముగ్గురు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. అక్క మంచం పక్క నుంచి లేచి వచ్చింది. ఏడ్చి ఆరిపోయిన ముఖం.

"రెండుసార్లు చేశానురా" అంది. "సాయంత్రమే పోయారు. నిద్రలోనే."

అతని చెయ్యి జేబులోని కళ్ళజోడు పెట్టె మీదే ఉండిపోయింది. మంచం కేసి చూశాడు. దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది. ముక్కు మీద, ఇన్నేళ్ళ ఫ్రేము నొక్కిన రెండు గుంటలు.

మంచం పక్క బల్ల మీద కంప్యూటరు ఇంకా వెలుగుతోంది. తెర మీద ఆ అడవే.

"అది పూర్తి చేసెయ్యాలని ఒకటే తొందర పడ్డారు" అంది అక్క, తెర కేసి చూస్తూ. "కళ్ళు కనబడక, ఆయన చెబుతుంటే నేను గీశాను. చివర్లో పార్కు గీత పక్కనే ఉంది కదా అని దానికే అంటించేశానురా, నాకేం తెలుసు? ఆయన్ని అడిగితే, కళ్ళజోడు రానీ నేను చూసుకుంటాలే అన్నారు."

అద్దాలాయన తెర వదిలి అక్క కేసి తిరిగాడు. "నువ్వు గీశావా?"

"నేనే. ఇందాక టీ వేళకి ఎవరో తిట్టారు దానికి. బద్ధకస్తుడి పనట. నేనే చదివి వినిపించాను." అక్క మంచం మీద దుప్పటి అంచు సర్దింది. "వింటూనే నవ్వారు. 'ఇది నీ తమ్ముడే' అన్నారు. 'వెళ్ళి చూశాడే వాడు, ఇప్పటికి నేర్చుకున్నాడు' అన్నారు. ఆ తర్వాత కాసేపు పడుకుంటానన్నారు."

అతనికి ముందు కోపమే వచ్చింది. పోతూ పోతూ కూడా చివరి మాట ఆయనదే! ఆరేళ్ళు నూరిన కత్తిని చేత్తో పట్టుకుని, భేష్ అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. తిరిగి అనడానికి మనిషి లేడు. ఆ కోపం వెనకే ఇంకోటి వచ్చింది, దానికి పేరు పెట్టుకునే ధైర్యం అతనికి లేకపోయింది. నలుగురిలో బద్ధకస్తుడని తాను తిట్టింది తన అక్కని. కళ్ళు లేక ఆ తప్పు జరిగింది. ఆ కళ్ళు వారం రోజులుగా తన ట్రేల అడుగున ఉన్నాయి.

"తెచ్చావా?" అంది అక్క, అతని జేబు కేసి చూసి.

అతను పెట్టె తీసి ఇచ్చాడు. అక్క కళ్ళజోడు బయటికి తీసి, కొత్త అద్దాల మీద చీర కొంగుతో ఒకసారి అలవాటుగా తుడిచింది. అటు తిరిగి మంచాన్ని చూసింది. ఏం చేయాలో తోచక దాన్ని బల్ల మీద, మౌసు పక్కన పెట్టింది.

"గీత నువ్వు సరిచేస్తావా?" అని అడిగింది.

అద్దాలాయన కుర్చీ లాక్కుని కూర్చుని, అడవి చివరి చుక్కని పార్కు గీత నుంచి విడదీశాడు. తర్వాతి చుక్క దగ్గరికి వచ్చేసరికి తెర అతని కళ్ళకే మసకబారింది. మౌసు పక్కన, దారం కట్టిన కాడ సగం మడతతో, ఎవరి కోసమూ కాకుండా, ఆ కళ్ళజోడు తెర కేసి తెరుచుకుని ఉంది.