కొట్టేసిన పద్దు

ఏమోయ్, నిన్నే. గోడకి ఆనుకుని ఆవులిస్తున్న బుద్ధిమంతుడా. నీ మొహం చూస్తే బస్సులో ఒక్క టికెట్టుకి రెండుసార్లు డబ్బులిచ్చే రకంలా ఉన్నావు. ఇలా దగ్గరికి జరుగు. నీకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు ఎలా బోల్తా పడ్డాడో చెప్తా. మొదట్లో నవ్వొస్తే నవ్వు, నేనేం అనుకోను.

వాణ్ని అందరూ ఉత్తుత్తి అనేవారు. లారీ ఆఫీసులో అంచనాలు కట్టే పని వాడిది. ఎవరైనా ఇల్లు మారుతున్నారంటే వెళ్ళి, గదులన్నీ ఒక్క చుట్టు చుట్టి, అటక మీద ఎన్ని డబ్బాలున్నాయో మెడ ఎత్తకుండానే చెప్పేసేవాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క అట్టపెట్టె తేడా రాలేదని పేరు. దానికి తోడు వేళాకోళం. బీరువా కొలిచి, ఇది గుమ్మంలో పట్టదమ్మా, గోడ పగలగొట్టాల్సిందే అని దిగులు మొహం పెట్టేవాడు. ఇంటావిడ గుండె పట్టుకున్నాక, ఉత్తుత్తికే అనేవాడు. టీ కొట్టుకి వాడొస్తే బెంచీ మీద వాళ్ళు జరిగి చోటిచ్చేవారు, ఇవాళ ఎవర్ని ఏడిపించావో చెప్పమని.

వాడి పెళ్ళాం బట్టల కంపెనీలో గుడ్డ కత్తిరించేది. అరవై పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి కోసినా గీత దాటేది కాదు. నగరంలో ఓ పెద్ద కంపెనీ వాళ్ళు ఆ పనితనం చూసి కటింగ్ మాస్టర్‌గా రమ్మన్నారు. ఆ కుర్చీలో అంతవరకు ఆడమనిషి కూర్చోలేదు. నాలుగు నెలలు ఆగుతాం, ఆ తర్వాత వేరేవాళ్ళని పెట్టుకుంటాం అన్నారు. ఆవిడ ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. కాగితం, పెన్ను తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"ఊళ్ళో అందరికీ కడతారుగా. మనకెంతవుతుందో కట్టండి."

కట్టాడు. మనసులో తేలిన లెక్క అరవై వేలు. కాగితం మీద వేసింది లక్షా పదివేలు.

ఎందుకంటావా? పెన్ను పట్టుకోగానే వాడి కళ్ళ ముందు నగరంలో ఒక టీ కొట్టు కనబడింది. బెంచీ మీదవాళ్ళు ఎవరూ జరగలేదు. వాడు ఏదో అన్నాడు, ఎవరూ నవ్వలేదు. ఎవరండీ మీరు అని కూడా అడగలేదు. యాభై ఏళ్ళ మనిషికి చంటిపిల్లాడిలా భయమేసింది. భయమని చెప్పుకోడానికి సిగ్గేసింది.

అంచనాలు కట్టే పనిలో ఒక కిటుకుంది. చిట్టా అడుగున "ఎందుకైనా మంచిది" అని ఒక పద్దు వేస్తారు. దారిలో టైరు పేలినా, లిఫ్టు చెడినా ఉంటుందని. చివర్లో ఆ పద్దు తీసేస్తే గిరాకీ మురిసిపోతాడు. మనవాడు లారీ బాడుగకొకటి, కూలీకొకటి, ఇంటి అడ్వాన్సుకొకటి, ఇలా ప్రతిదానికీ ఒక "ఎందుకైనా మంచిది" తగిలించాడు. ఆవిడ పైనుంచి కిందిదాకా చదివింది. ఇంతవుతుందా అంది. మూడో అంతస్తులో ఇల్లు దొరికితే ఇంకా అవుతుంది అన్నాడు. ఆవిడ కాగితం మడిచి దాచుకుంది.

మర్నాటి నుంచి బస్సు మానేసి కంపెనీకి నడిచింది. మధ్యాహ్నం టీ మానేసింది. ఆదివారాలు చుట్టుపక్కల వాళ్ళ బట్టలు తెచ్చి కత్తిరించింది. ఆవిడ కూడబెట్టింది ఆ లెక్కకి దగ్గరపడుతోందనిపించినప్పుడల్లా వాడు కొత్త పద్దు కనిపెట్టేవాడు. బ్రోకరుకి ఒక నెల అద్దె మర్చిపోయానే అనేవాడు. కరెంటు మీటరుకి డిపాజిట్టు ఉంటుందటే అనేవాడు. ఆవిడ సరే అని రాసుకునేది.

మూడో నెలలో ఒక రోజు గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులు చూశాడు. అడుగు అరిగి, మడమ దగ్గర నేల కనబడుతోంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అలవాటైన నోరు కదా.

"చెప్పులకి కిటికీలు పెట్టించావేంటే, గాలాడ్డానికా?"

ఆవిడ నవ్వింది. ఆ పూట వాడికి ముద్ద దిగలేదు.

వాడి బావమరిది అదే ఆఫీసులో వ్యాను నడిపేవాడు. వాడూ ఒకసారి అననే అన్నాడు, అక్క కాళ్ళు ఈడుస్తూ నడుస్తోంది, నీకు కళ్ళు పెట్టెలు లెక్కపెట్టడానికేనా బావా అని. మీ అక్క సన్నబడి నాజూగ్గా అవుతోంది, నీకెందుకురా కుళ్ళు అని వీడు దులిపేసుకున్నాడు.

గడువు రెండు రోజులుందనగా ఇక వాడివల్ల కాలేదు. ఆఫీసులో చెప్పి మధ్యాహ్నమే బయల్దేరాడు. దారిలో ఆవిడకి చెప్పులు కొన్నాడు, కొలత కంటితోనే కట్టి. అబద్ధం రాశానే, అరవై వేలే, నాకు భయమేసింది. ఈ మూడు ముక్కలూ సందు మొదలుదాకా వల్లించుకుంటూ వచ్చాడు.

ఇంటి ముందు వ్యాను ఉంది. బావమరిది సామాను ఎక్కిస్తున్నాడు. లారీ వాళ్ళు ఎక్కించే ప్రతి వస్తువు మీదా సుద్దతో అంకె వేస్తారు. కుట్టు మిషను మీద ఒకటి, ఆవిడ ట్రంకు పెట్టె మీద రెండు, అలా పదకొండుతో ఆగిపోయింది. వాడి కుర్చీ మీద లేదు, రేడియో మీద లేదు, మంచం మీద లేదు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. దారంతా నిజం వల్లించినవాడి నోట్లోంచి మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా?

"ఇంకా డబ్బు సరిపోదుగా?"

ఆవిడ ఒక కాగితం వాడి చేతిలో పెట్టింది. వాళ్ళ ఆఫీసు కాగితమే. వాడి పక్క బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా దస్తూరీ.

"మీరు లెక్క కట్టిన మర్నాడే తమ్ముడి చేత మీ ఆఫీసులోనే మళ్ళీ కట్టించానండి."

"మరి ఇన్నాళ్ళూ..."

"మీరే చెప్తారని. రోజూ భోజనం దగ్గర అనుకునేదాన్ని, ఇవాళ నవ్వేసి, భలే నమ్మావే అంటారని. అంటే నేనూ నవ్వేద్దామని."

"చెబుదామనే వచ్చానే ఇవాళ. నీ మీద ఒట్టు."

"నిన్న రావాల్సిందండి."

వాడు చెప్పులు చాపాడు. ఆవిడ చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి చూపించింది. కాళ్ళకి కొత్తవి ఉన్నాయి. బయటికి వెళ్ళి తమ్ముడి పక్కన ఎక్కి కూర్చుంది.

వాడు వ్యాను తలుపు పట్టుకున్నాడు. ఆగవే, నేనూ వస్తానన్నాడు. ఉన్నపళంగా వస్తానన్నాడు. అరుగుల మీది వాళ్ళంతా, ఉత్తుత్తి మళ్ళీ మొదలెట్టాడ్రా అని పడీపడీ నవ్వారు. బావమరిది నవ్వలేదు. వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి, పక్కకుండు బావా అని బండి కదిలించాడు.

వ్యాను మలుపు తిరిగాక వాడు గుమ్మంలో కూలబడి కాగితం విప్పాడు. మొత్తం అరవై వేలు. తను మనసులో కట్టిన లెక్కే. దాని కింద ఇంకో పద్దు ఉంది. గుమాస్తా దస్తూరీ కాదు, ఆవిడది. "ఆయనకి అక్కడ నలుగురూ అలవాటయ్యేదాకా, పనికి వెళ్ళకుండా ఊరికే టీ కొట్లో కూర్చోడానికి, ఆరు నెలలకి: డెబ్భై వేలు." దాని మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. పక్కన వేసిన తేదీ ఆవేళ్టిదే.

తన దొంగ పద్దుల కోసం నడిచి ఆవిడ చెప్పులు అరగదీసుకుంటోందని వాడు నాలుగు నెలలు అనుకున్నాడు. ఆవిడ నడిచింది ఈ ఒక్క పద్దు కోసం.