చేతికి తెలిసిన బరువు

వెనక్కి తిరిగి కూర్చుంటే దారి కనపడదు కదా, కనపడకపోతేనేం, దారి చూసుకోడానికి పెద్దవాళ్ళం లేమూ, తను వెనక అద్దంలోంచి చెట్లు పరుగెత్తిపోవడం చూస్తుంది, కుక్కలు చిన్నవైపోవడం చూస్తుంది, పక్కనే కూర్చున్న నన్ను చూస్తుంది, ముందుకి తిరిగితే నా మొహం పక్కకి పడుతుంది, వెనక్కి తిరిగితే ఎదురెదురుగా నేనూ తనూ, దారి పొడుగునా, ఇంతకన్నా ఏం కావాలి, ఈ వయసు పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెడితేనే మెడకి క్షేమమండీ, సీటు ఒప్పుకున్నంత కాలం అలాగే ఉంచండి, అంటోంది పిల్లల కారు సీట్లమ్మే దుకాణం ఆవిడ, నేను తలూపుతున్నాను, ఆవిడ మాట ఆగినా నా తల ఆగలేదు, ఆదివారం, టముకు నాతో ఉంటుంది, పొద్దున్నించి సాయంత్రం దాకా, ఒక్క నాతోనే, పుట్టగానే అది పెట్టిన కేక విని మా అక్క పెట్టిన పేరు అది, ఊరికి చాటింపు వేయించే ఖర్చు తప్పిందిరా తమ్ముడూ, నీ కూతురే చాటేసుకుంది, అంది అక్క, అసలు పేరు బడికెళ్ళినప్పుడు చూసుకోవచ్చు, నాకు మాత్రం టముకే, నిన్న ఫోన్‌లో వాళ్ళమ్మ, అంటే నా భార్య, భార్యే కానీ ఇప్పుడు తనది ఒక ఇల్లు, నాది ఒక ఇల్లు, సరే తీసుకెళ్ళు, మీ అక్కవాళ్ళింటికే కదా, అంది, కానీ ఒకటి, ఏ బండెక్కినా దానికి సీటుండాలి, అదీ దానికి సరిపోయే సీటు, ఒళ్ళో కూచోబెట్టుకుంటా, నాలుగడుగులేగా అన్నావంటే గుమ్మం దాటనివ్వను, అంది, నాకేం కోపం రాలేదు, తను అనకపోతే నేనే అనేవాణ్ణి, ఒక తాడు చాలిన చోట ఐదారు తాళ్ళు వేసే వృత్తి నాది, లిఫ్టు తాడు తెగితే ఏమవుతుందని పెళ్ళిచూపుల్లో నన్నడిగింది కూడా ఈవిడే, ఏమీ కాదు, కింద ఇనప దవడలుంటాయి, పట్టాలని కరిచిపట్టుకుని ఎక్కడిదక్కడ ఆపేస్తాయి అని చెప్తే, అబ్బ, మనుషులకి కూడా అలాంటివుంటే బాగుణ్ణు, అని నవ్వింది.

ఎర్ర సీటు ముందు నిలబడ్డాను, ఇనప చట్రం, ఇంత మందం గోడలు, రెండు చేతులతో ఎత్తితే గానీ లేవలేదు, బరువుంది, ఇదీ సీటంటే, అన్నాను, వ్యాను తాళాలు వేలికి తిప్పుకుంటూ నా వెనకే నడుస్తున్న నిదానం, మా కంపెనీ వ్యాను నడుపుతాడు, మాటా నిదానమే, బండీ నిదానమే, అందుకే ఆదివారం వాణ్ణే రమ్మన్నాను, ఒరేయ్, అది పిల్ల కూర్చోడానికా, దాని మీద పట్టాభిషేకం చేస్తావా, అన్నాడు, నవ్వేసి ఆవిడ అడిగింది, మీకు సొంత కారుందా అండీ, లేదండీ, పొద్దున వీడి వ్యాను, మధ్యాహ్నం మా బావగారి కారు, సాయంత్రం దొరికితే టాక్సీ, మరి మీ అక్కగారిల్లు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అన్నాను, అంతే, నిదానం గోడకి ఆనుకుపోయి నవ్వుతున్నాడు, ఊళ్ళో అందరికీ లిఫ్టు వేస్తాడండీ, తోడబుట్టిన దానికి మెట్లే, పగలబడి నవ్వు, నవ్వు, ఆదివారం నీకీ నవ్వుండదు, టముకు పాట మొదలెడితే వ్యాను అద్దాలు బీటలిస్తాయి, చూడండీ, అంది ఆవిడ, అది మంచిదే, ఒక కారులో బిగించి వదిలేసేవాళ్ళకైతే అదే ఇస్తాను, మీరు రోజుకి మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టాలి, మొదటిసారి ఒళ్ళు వంచి కడతారు, మూడోసారికి చేతులు పీకుతాయి, ఇక చాల్లే అనిపిస్తుంది, ఆ చాల్లే అన్నచోటే ప్రమాదం, నాకు ఒళ్ళు ఝల్లుమంది, ఎన్నిసార్లు ఇదే మాట చెప్పాను కొత్తగా చేరినవాళ్ళకి, మొదటి మర ఎవడైనా బిగిస్తాడు, చివరి మర బిగించినవాడే పనివాడు అని.

బూడిదరంగుది, సన్నగా ఉంది, మీట నొక్కితే నడుము దగ్గర మడిచి సంచిలా భుజానికి తగిలించుకోవచ్చు, మూడంతస్తులేం, ముప్పై ఎక్కుతాను దీంతో, కానీ ఇంత తేలికైంది పట్టుకుని ఆపుతుందా, ఆపుతుందండీ, పరీక్షలో నెగ్గిందే, పట్టుకునేది దీని బరువు కాదు, మీరు బిగించే బెల్టు, అంది ఆవిడ, సరే, కట్టి చూపించండి అన్నాను, కాదు, నేనే కడతాను అన్నాను, దుకాణంలో కారు వెనక సీటొకటి తెచ్చి నేలకి బిగించి పెట్టారు, దాని మీద పెట్టి, కారు బెల్టు లోపలి దారిలోంచి పోనిచ్చి, క్లిప్పు పడిన చప్పుడు విని, చేత్తో సీటుని అణిచి, ఊపిరి బిగబట్టి లాగాను, బెల్టు లోపలికి వెళ్ళిన చోట పట్టుకుని అటూ ఇటూ ఊపాను, బొటనవేలంత కూడా కదల్లేదు, చూశావా అన్నాను నిదానంతో, చూశాను, మేస్త్రీవి కదా, అన్నాడు, నిజంగానే అన్నాడు, వాడు మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలేదు, ఇవాళ అందరూ మంచివాళ్ళలాగే ఉన్నారు, దుకాణం దీపాలు కూడా మంచివే, ఇంకొక్కటే తేలాలండీ, అంది ఆవిడ, ఈ సీటు రెండు వైపులా పెట్టొచ్చు, ఇంత బరువు దాకా, ఇంత ఎత్తు దాకా వెనక్కి, అది దాటితే ముందుకి తిప్పాలి, పాప బరువెంత, ఎంతేమిటండీ, నా చేతికి తెలుసు, అన్నాను, అన్నాక చాలా గర్వంగా అనిపించింది, ఇనప దిమ్మలు లిఫ్టులోకెక్కించి పరీక్ష చేస్తాం కదా, దిమ్మ చేతిలోకి తీసుకోగానే ఎంతో చెప్పేస్తాను, కాటా కన్నా ముందు నన్నే అడుగుతారు, పందేలు కూడా కాస్తారు, అలమరలో వరసగా కూర్చున్నాయి బొమ్మలు, కట్టి చూసుకోడానికి పెట్టినవి, లోపల పిల్లల బరువుకి తగ్గట్టు ఏదో నింపారు, కళ్ళు మూసుకున్నాను, ఒకటెత్తాను, కాదు, పెట్టేశాను, రెండోది, మోచేయి వంపులోకి జారింది, తల భుజానికి ఆనింది, ఆ బరువు తిన్నగా వచ్చి నా చేతుల్లో ఖాళీగా ఉన్న చోట కూర్చుంది, ఇదే, ఇదేనండీ, ఇదే మా టముకు, అన్నాను, కూర్చోబెట్టాను, చేతులు పట్టీల్లోంచి తీశాను, బిగించాను, భుజం దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లి చూశాను, మడత చేతికి చిక్కలేదు, కట్టేయండి, ఇదే తీసుకుంటాను, అన్నాను, ఆవిడ బొమ్మ అరికాలు తిప్పి చూసింది, మీ అమ్మాయికి రెండున్నరేళ్ళన్నారు కదండీ, అంది, ఇది ఏడాది పాప బొమ్మండీ.

ఏడాది పాప, అవును, ఏడాదే, రేవు పట్నంలో ఓ పెద్ద భవనానికి లిఫ్టులు పెట్టడానికి వెళ్ళిన రోజు, బస్సు వచ్చేదాకా భుజం మీద పడుకునే ఉంది, నోట్లోంచి చొంగ కారి నా చొక్కా తడిసింది, వాళ్ళమ్మ చేతులు చాపింది, ఇచ్చాను, అక్కడితో సరి, ఆ తర్వాత అంతా ఫోన్ తెరలోనే చూశాను, పళ్ళు రావడం చూశాను, పడిపోయి లేవడం చూశాను, నాన్నా అని తెరని నాకడం చూశాను, తెరకి బరువుండదు కదా, పోయిన వారం తిరిగొచ్చాక పార్కులో చూశాను, అమ్మ మోకాలు వెనక దాక్కుని నా బూట్లు చూసింది, బూట్లే చూసింది, ఎత్తుకోబోయి ఆగిపోయాను, భయపడుతుందేమోనని, ఎత్తుకోలేదు, అంటే ఈ చేతులు చెప్పింది అబద్ధం కాదు, పాతది, ఎప్పుడో వదిలేసిన పిల్లని పట్టుకుని ఉన్నాయి ఇంతకాలం, ఆ పిల్ల ఇప్పుడు లేదు, నిదానం మెల్లగా నా భుజం తట్టి, రెండున్నరేళ్ళ బొమ్మ ఉంది కదరా పక్కన, దాన్నే కట్టు, అటూ ఇటూగా సరిపోతుంది, అన్నాడు, అటూ ఇటూగా, ఆ మాట ఇంకెక్కడైనా అను, లిఫ్టు దగ్గర అంటే మెట్ల మీంచి తోస్తాను, పిల్లలందరూ ఒక్కలా పెరుగుతారా, వాళ్ళమ్మలా పొడుగో, మా అక్కలా గుండ్రమో, మరి వాళ్ళమ్మనే అడుగు, నీ చేతిలో ఉన్నది ఫోనే కదా, అన్నాడు వాడు, అదొక్కటే వద్దనుకున్నాను, ఈసారి దేనికీ తనని అడక్కూడదనుకున్నాను, సీటు తెచ్చి గుమ్మంలో పెట్టి, చూడు, అన్నీ నేనే చూసుకున్నాను, అని నిలబడాలనుకున్నాను, కూతురి బరువు కూడా తెలీదా నీకు అంటే, అంటుందేమో, అననీ, తెలీదు, నిజంగానే తెలీదు.

వింతేమిటంటే ఆ తెలీదు అన్న మాట లోపల అనుకోగానే ఏదో సడలింది, తెలీదంటే ఇంకా తెలుసుకోవాల్సిన పిల్ల ఒకత్తి ఉన్నట్టేగా, నేను ఎన్నడూ ఎత్తుకోని పిల్ల, ఆదివారం మొట్టమొదటిసారి చేతుల్లోకి వచ్చే బరువు, అది ఎంతో కాటా చెప్తుంది, వాళ్ళమ్మ చెప్తుంది, నా చేతులు కొత్తగా నేర్చుకుంటాయి, నేర్చుకోడానికి వెళ్తున్నాను కానీ నెగ్గడానికి వెళ్తున్నానా, ఆవిడకి సైగ చేశాను ఆగమని, నిదానం అటు తిరిగి ఊయలల ధరలు చదవడం మొదలెట్టాడు, వాడికెందుకు ఊయల, ఫోన్ మోగుతోంది, మోగుతోంది, ఎత్తింది, వెనక ఏదో గిన్నె మీద ఎవరో దబదబా బాదుతున్నారు, ఎవరో ఏమిటి, టముకే, చెప్పు, ఏమిటి, సీటు దొరికిందా, అంది, దొరికింది, కానీ నువ్వు చెప్తే గానీ తేలదు, అన్నాను, ఏం తేలదు, అంది, నాకు తెలీదు, అందుకే అడుగుతున్నాను, టముకు ఇప్పుడు ఎంత ఎత్తుంది, ఎంత బరువుంది.