వనరాజ హోటల్ గచ్చు

వనరాజ హోటల్‌ను నిజాం కాలంలో ఒక కలప కాంట్రాక్టరు బూర్గంపాడు దగ్గర గోదావరి ఒడ్డున కట్టించాడు. వేటకు వచ్చే దొరలూ పెద్ద అధికారులూ అందులో దిగేవారు. ఎనభై ఆరు వరదలో హాల్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత తలుపులు మూశారు. ఇరవై ఏళ్లపాటు గబ్బిలాలే కిరాయి లేకుండా కాపురం చేశాయి. 2007లో పెనుబల్లి వైపు నుంచి వచ్చిన వెంకటకృష్ణ దాన్ని కొని, మళ్లీ అంత పెద్ద హోటల్ చేస్తానన్నాడు.

వరద దాకా అందులో గచ్చుకు మెరుగు పెట్టిన మనిషి జోజమ్మ. హాలంతా ఎర్ర గచ్చు. తేనెమైనం కరిగించి పూయాలి, ఒక రోజంతా ఆరనివ్వాలి, తర్వాత కొబ్బరి డొప్పను కాలికింద వేసుకుని రుద్దాలి. అప్పుడు మనిషి ముఖం కనపడేది. మిరప చేలల్లో వంగడానికి ఇప్పుడామెకు నడుము సహకరించడం లేదు. ఈ పని దొరికితే నీడపట్టున బతకవచ్చని అడగడానికి వచ్చింది.

కానీ ఆ గచ్చు పగలగొట్టి గ్రానైట్ వేయాలని మేస్త్రీ జయరాజ్ గునపాలు తెచ్చి పెట్టుకున్నాడు.

"ఇది సచ్చిన గచ్చు పెద్దమ్మా. పాతిపెట్టుడే."

"ఇరవయ్యేండ్ల సంది మొకం కడుక్కోలే, గంతే. నువ్వు అన్నేండ్లు తానం జెయ్యకుంటే నిన్ను గూడ పాతిపెడ్తరా?"

పక్కనే ఉన్న వెంకటకృష్ణ నవ్వాడు. "సరే జోజమ్మా, సోమవారం పొద్దున చూస్తాను. మెరిస్తే గచ్చూ ఉంటుంది, నువ్వూ ఉంటావు. లేదంటే గునపమే."

జోజమ్మ రెండు రోజులు బురద గీకి, కడిగి, శనివారం సాయంత్రం మైనం పూసింది. గచ్చు బూడిద చల్లినట్టు మసకబారింది. "రేపు ఎవ్వలూ అడుగుపెట్టొద్దు" అని జయరాజ్‌కు చెప్పి వెళ్లింది. ఆదివారం ఆమె చర్చికే గాని పనికి పోదు.

ఆ ఆదివారమే గృహప్రవేశానికి మంచి ముహూర్తమని పంతులు చెప్పాడట. వెంకటకృష్ణ భార్య ప్రసూన ఆవునూ దూడనూ హాల్లో నడిపించి, పాలు పొంగించింది. గోమాతను ఆపడం తన పని కాదని జయరాజ్ ఊరుకున్నాడు.

సోమవారం జోజమ్మ తలుపు తీసేసరికి, మైనంలో గుమ్మం నుంచి హాలు మధ్య దాకా గిట్టల ముద్రలు.

"ఏందిది జయరాజూ?"

"ఆవు పెద్దమ్మా. చెప్పులిడువుమంటే ఇనలే."

వాటిని గీకి మళ్లీ పూస్తే ఇంకో రోజు ఆరాలి. అంత సమయం లేదు. డొప్ప కాలికింద వేసుకుని చుట్టూరా రుద్దడం మొదలుపెట్టింది. పది గంటలకు హాలంతా ఎర్రగా మెరిసింది. ముద్రలు మాత్రం మెరుపు ఎక్కక, ఇంకా కొట్టొచ్చినట్టు కనపడ్డాయి. పని పోయినట్టేననుకుంది.

దంపతులు లోపలికి రాగానే తనే అంది: "ఒక్క రోజు గడువియ్యండ్రి సారూ. ఇయ్యి గీకేసి మళ్ల పూస్త."

"గీకుతావా!" ప్రసూన చెప్పులు విడిచి, వంగి, ఒక ముద్రను కళ్లకద్దుకుంది. "లక్ష్మి నడిచిన అడుగులమ్మా ఇవి! ఏమండీ, వీటిమీద గునపం పడితే నేను ఊరుకోను."

వెంకటకృష్ణ గచ్చు మెరుపు వైపు చూడనే లేదు. గునపాలు తీసేయమని జయరాజ్‌కు చెప్పాడు. "ఈ అడుగులు చెరగకుండా చూసుకునే మనిషి కావాలి. ఉంటావా జోజమ్మా?"

"ఉంట సారూ. కానీ మైనం గదా, నెల తిరిగేసరికి చెరుగుతయ్."

"నెలనెలా ఆవును నడిపిద్దాం," అంది ప్రసూన.

జోజమ్మ డొప్పను చేతికి తీసుకుంది.

"అయితే శనివారం నేను మైనం పూసినంక నడిపియ్యండ్రి. ఆదివారం మాత్రం నేను రాను."