గోగులపాడు జట్టు మీద నా కేకలు

నేను ఒక ఇత్తడి హారన్ని. వెనక రబ్బరు బుడ్డి, ముందు ఉమ్మెత్తపువ్వులా విచ్చుకున్న నోరు. బుడ్డి నొక్కితే భోం అంటాను. అంతకు మించి ఒక్క మాటా రాదు. ఆ ఒక్క మాటతోనే ఓ వాలీబాల్ జట్టుని బాగుచేయగలనని కొన్నేళ్లు గట్టిగా నమ్మాను. నమ్మింది నేనొక్కదాన్నే కాదు కాబట్టి, ఆ సిగ్గులో సగం వాటా మా యజమానిది.

నన్ను బెజవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో చేశారు. చేసినాయన నన్ను మొదటిసారి మోగించి, "దీని గొంతు బాగుంది" అన్నాడు. ఆ మాట నా తలకెక్కింది. నా తర్వాత తయారైన హారన్ని మోగించి కూడా ఆయన అదే మాట అన్నాడుగానీ, అది నాకు వినబడనట్టే ఊరుకున్నాను.

అక్కణ్ణించి ఒక ధాన్యం లారీ ఎక్కాను. తణుకు, భీమవరం, తాడేపల్లిగూడెం రోడ్ల మీద నేను నోరు తెరిస్తే చాలు, సైకిళ్లూ గేదెలూ గబగబా పక్కకి జరిగేవి. నా గొంతుకి ఎంత విలువ అని మురిసిపోయేదాన్ని. అవి జరిగింది నా వెనకున్న లారీని చూసి అన్న సంగతి లారీ దిగేదాకా నాకు తట్టలేదు.

లారీకి కరెంటు హారన్ వచ్చింది. డ్రైవరు నన్ను ఊడదీసి సీటు కింద పడేశాడు. ఒకరోజు సీటు కవరు కుట్టించుకోవడానికి గోగులపాడులో ఆగి, పాత కవరుతో పాటు నన్నూ టైలరు కొట్లో బల్ల మీద పెట్టాడు. కొత్త కవరు వేసుకుని వెళ్లిపోయాడు. నేను బల్ల మీదే ఉండిపోయాను.

ఆ టైలరే మేడిద వీర్రాఘవులు. కాలవ వంతెన దిగగానే ఆయన కొట్టు. వయసు యాభై దాటింది, పొట్ట మిషను బల్లని తాకుతూ ఉంటుంది. జీవితంలో ఎప్పుడూ వాలీబాల్ ఆడినవాడు కాదు. కానీ గోగులపాడు జట్టు ఎక్కడ ఆడితే అక్కడ కోర్టు చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడి, ఆటంతా అరిచేవాడు. అరిచి అరిచి గొంతులో కాయ కాసింది. తణుకులో డాక్టరు గారు టార్చిలైటు వేసి చూసి, ఇంక అరిస్తే ఉన్న గొంతు కూడా పోతుందని చెప్పారు. ఆయన దిగులుగా కొట్టుకి వచ్చి కూర్చుని, ఎదురుగా బల్ల మీదున్న నన్ను చూశాడు. ఒకసారి నొక్కాడు. భోం. ఆయన మొహంలో వచ్చిన వెలుగు చూసి, నేను పుట్టింది ఇందుకేనని నిర్ణయించేసుకున్నాను.

మా జట్టు గురించి చెప్పాలి. బాగా ఆడేవాళ్లు కాదు. ఎప్పుడో ఒకటీ అరా ఆట గెలిచేవాళ్లు, అదీ అవతలివాళ్లకి ఒంట్లో బాగా లేనప్పుడు. వీర్రాఘవులుకి ఓడిపోవడం బాధ కాదు. బంతి రెండడుగుల దూరంలో పడుతుంటే మనవాళ్లు చుట్టాన్ని బస్సెక్కించినట్టు దాన్ని సాగనంపుతూ నిలబడటం బాధ. బంతి కోసం నేల మీద పడేవాడు ఒక్కడు లేడని ఆయన గొడవ. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ నడుము కొలత తీస్తూ ఇదే చెప్పేవాడు. చెబుతూ చెబుతూ కొలత మర్చిపోయి మళ్లీ తీసేవాడు.

నాతో ఆయన ఒక భాష తయారు చేశాడు. ఒకసారి నొక్కితే కదలండని, రెండుసార్లు నొక్కితే కింద పడండని, ఆపకుండా నొక్కితే మీ ఖర్మ అని. ఆటగాళ్లకి ఆ భాష ఎప్పుడూ రాలేదు. నిజానికి నాకూ రాలేదు. నాకు అన్నీ భోం లాగే ఉండేవి. అయినా పాయింటు వచ్చినప్పుడల్లా అది నా చలవేనని అనుకునేదాన్ని. పాయింట్లు ఎక్కువ రాకపోవడం వల్ల ఈ గర్వం మరీ ముదరలేదు.

ఆయన భార్య మంగతాయారుకి నేనంటే కిట్టదు. కుట్టమని ఇచ్చిన తన రవిక ఉగాది నుంచి అలాగే పడి ఉందని, ఆయనకి ఆ ఆరుగురి మీదున్న బెంగలో పిసరంత కత్తెర మీద ఉంటే కొట్టు బాగుపడేదని వచ్చినవాళ్లందరి ముందూ అనేది.

ఒక ఏడాది సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థం, అదే మా ఊరి జాతర, దగ్గర పడింది. తీర్థంలో ఏటా వాలీబాల్ పోటీలు జరుగుతాయి. కమిటీ పెద్ద కలిదిండి రామభద్రరాజు గారు ఈసారి ముందే చెప్పేశారు. సొంత ఊళ్లో ఏటా మొదటి ఆటకే ఓడిపోవడం చూడలేకపోతున్నామని, ఈసారి కూడా అంతే అయితే వచ్చే ఏడు పోటీల్లో మన జట్టు చోటు వేరే ఊరికిచ్చేస్తామని. జట్టుకి ఉన్నది ఆ ఒక్క పోటీయే. అది పోతే జట్టు ఉండదు.

మర్నాడు కెప్టెన్ ప్రభుదాసు కొట్టుకి వచ్చాడు. రైసుమిల్లులో బస్తాల మేస్త్రీ అతను, మితభాషి. గుమ్మంలో నిలబడి, మెల్లగా మొదలుపెట్టాడు.

"రాఘవులుగారూ, ఒక్క మాటండి. షష్ఠి రోజు మాత్రం ఆ హారన్ ఇంటికాడ వదిలేసి రండి. అది మోగితే మావోళ్లకి వెనకనించి లారీ వత్తన్నట్టుంటందండి. తెలీకుండానే పక్కకి తప్పుకుంటన్నారు."

బల్ల మీద నుంచి ఆ మాట విన్నాను. ఇన్నేళ్లూ నేను చేసిన సేవ అదన్నమాట.

వీర్రాఘవులు కోపంతో ఎర్రబడ్డాడు. తప్పు హారన్‌ది కాదని, వాళ్లలో కసి లేదని అన్నాడు. పొద్దున్నించి బస్తాలు మోసి, చెరువుల్లో చేపలకి మేత వేసి వచ్చి ఆడుతున్నామని, ఒళ్లు విరగ్గొట్టుకుంటే మర్నాడు పనిలోకి ఎవరు వెళ్తారని ప్రభుదాసు అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే.

షష్ఠి నాడు వీర్రాఘవులు నన్ను తీసుకునే వెళ్లాడు. హైస్కూలు మైదానం నిండా జనం. తీర్థంలో గాజులు కొనుక్కోవడానికి వచ్చిన మంగతాయారు కూడా పక్కన నిలబడింది. మొదటి సెట్టు పోయింది. రెండో సెట్టు మొదట్లోనే మనవాళ్లలో నాగేసు అనే అతనికి మడమ మెలిక పడింది. బదులు ఆడాల్సినవాడు చెరువులో చేపల పట్టుబడి ఉందని రాలేదు. ఐదుగురితో ఆడనివ్వరు. రిఫరీ చేతి గడియారం చూసుకుంటున్నాడు.

ప్రభుదాసు తాడు దగ్గరికి నడిచి వచ్చాడు. అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"రండి రాఘవులుగారూ. పడటం ఎలాగో మీరే చూపించండి."

వీర్రాఘవులు మోకాలి నొప్పి గురించి ఏదో అన్నాడు. లుంగీ కట్టుకుని వచ్చానన్నాడు. ఎవరో నాగేసు నిక్కరు తెచ్చి చేతిలో పెట్టారు. రామభద్రరాజు గారు ఒప్పుకున్నారు. అవతలి జట్టువాళ్లు ఈయన పొట్ట చూసి ఇంకా సంతోషంగా ఒప్పుకున్నారు. తనే కుట్టిన జట్టు చొక్కా తనకే బిగుతై, ఆయన నన్ను మంగతాయారు చేతిలో పెట్టి కోర్టులోకి వెళ్లాడు.

మొదటి బంతి ఆయనకి రెండడుగుల దూరంలో పడింది. ఆయన దాన్ని చూశాడు. అచ్చం తను ఇన్నేళ్లూ తిట్టినవాళ్లు చూసినట్టే చూశాడు. రెండోది ఇంకా దగ్గరగా వచ్చింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. నేల గట్టిగా ఉంది, గులకరాళ్లు తేలి ఉన్నాయి. అవన్నీ తాడు బయటి నుంచి కనబడవు. జనంలో నవ్వులు లేచాయి. ఆయన తల దించుకున్నాడు. నేను ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ ఆయన మొహం ఆటగాళ్ల వైపే ఉండేది. భయం ఆ మొహాన్ని ఎలా చేస్తుందో అప్పుడే చూశాను. జాలేసింది.

మంగతాయారుకి జాలి వేయలేదు. కొత్త గాజులు గలగల్లాడేలా రెండు చేతులతో నన్ను పిసికింది. నా జన్మలో అంత గట్టిగా నేను మోగలేదు. లారీ మీదున్నప్పుడు కూడా.

"పడండి," అంది. "ఇన్నేళ్లు ఊరందర్నీ పడమన్నారు. ఇప్పుడు మీరు పడండి."

ఆయన ఆమె వైపు చూశాడు. తర్వాత బంతి ఎవరి మీదికి వస్తోందో కూడా చూడకుండా దబ్బున పడ్డాడు. అది ప్రభుదాసు బంతి. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. లేచాడు. మళ్లీ బంతి వచ్చింది. ఈసారి నిజంగా ఆయనదే. ఎడమ భుజం మీద పడి, చేయి చాచాడు. చేతికి తగలాల్సిన బంతి నుదుటికి తగిలి పైకి లేచింది. ప్రభుదాసు ఎగిరి దాన్ని అవతలి నేల మీదికి కొట్టాడు. పాయింటు. నవ్వినవాళ్లే కేకలు పెట్టారు. వీర్రాఘవులు లేవలేదు. భుజం జారింది.

లేపడానికి ఆట ఆపారు. కట్టు కట్టించుకుని, ఆయన కోర్టులో ఒక మూల నిలబడే ఉన్నాడు, ఆరో మనిషిగా. మిగతా ఐదుగురూ ఆ మూల కూడా కాసుకోవాల్సి వచ్చింది. ఆ సెట్టులో వాళ్లు పడ్డట్టు నేనెప్పుడూ చూడలేదు. బంతి ఎక్కడికి వెళ్తే అక్కడ దుమ్ము లేచింది.

ఓడిపోయారు. కొద్దిలో ఓడిపోయారు గానీ ఓడిపోయారు. రామభద్రరాజు గారు మాట తప్పే మనిషి కాదు. వచ్చే ఏడు మన చోటు పొరుగూరికి ఇస్తున్నట్టు మైకులోనే చెప్పారు.

వారం తిరక్కుండా ప్రభుదాసు కొట్టుకి వచ్చాడు. అతని మోచేతుల మీద దెబ్బలు చెక్కు కట్టి ఉన్నాయి. వీర్రాఘవులు చేయి మెడకి వేలాడుతోంది.

"పడితే ఇంత నొప్పెడతదని మీకప్పుడు తెలీదు కదండీ," అన్నాడు ప్రభుదాసు.

"తెలీదు," అన్నాడు వీర్రాఘవులు. "ఇప్పుడు తెలిసింది. అయినా పడాలబ్బాయ్."

ప్రభుదాసు తల ఊపాడు. ఆ సాయంత్రం నుంచే ప్రాక్టీసు మొదలైంది. సొంత ఊళ్లో చోటు లేకపోతే వేరే ఊళ్లలో అడుగుదామన్నారు. మైదానంలో గులకరాళ్లు ఏరారు, ఇసక పోశారు. మంగతాయారు రోజూ నన్ను పట్టుకుని వచ్చేది. ఆమెకి సంకేతాలూ భాషలూ ఏమీ లేవు. నిలబడిపోయినవాడి చెవి దగ్గరికి వచ్చి మోగించేది, అంతే. వాళ్లు తప్పుకోలేదు. వెనకున్నది లారీ కాదని వాళ్లకి తెలుసు మరి. ఆమె పట్టుకి నెల తిరక్కుండా నా రబ్బరు బుడ్డి పగిలిపోయింది.

కొత్త బుడ్డి దొరకలేదు. దొరక్కపోవడమే మంచిదని చుట్టుపక్కలవాళ్లు అనుకోవడం విన్నాను. వీర్రాఘవులు నన్ను బాగా తోమి, కొట్టు ముందు చూరుకి వేలాడదీశాడు. ఇప్పుడు ఊరందరూ ఇది హారన్ టైలరు కొట్టు అంటారు. గాలి వేస్తే నాలోంచి ఈల లాంటిదేదో వస్తుంది. దాన్ని పాట అనుకోవడం నా అలవాటు.

ఈ రోజు పొద్దున్నే జట్టంతా ట్రాలీ ఆటో ఎక్కి ఎక్కడో పోటీలకి వెళ్లింది. వీర్రాఘవులు కొట్టు మూసి ముందు సీట్లో కూర్చున్నాడు. మంగతాయారు వెనక ఆటగాళ్ల మధ్య కూర్చుని, ఆటో కదలక ముందే ఎవరినో కేకలేయడం మొదలుపెట్టింది. ఆమెకి నా అవసరం ఎప్పుడూ లేదని అప్పుడు అర్థమైంది.

నేనిక్కణ్ణించి వంతెన వైపే చూస్తున్నాను. ఎండ వాలింది. కాలవ మీద బాతులు ఇళ్లకి మళ్లాయి. ఆటో ఇంకా రాలేదు. మొదటి ఆటకే ఓడిపోయి ఉంటే మధ్యాహ్నం భోజనాల వేళకే వచ్చేసేవాళ్లు.