ఫ్రిజ్ లేని ఇల్లు

గాలిబండ సర్కారు ఆసుపత్రిలో ఆ పొద్దు వరసలో నిలబడినవాళ్ళందరూ చూసినారు. డాక్టరు ఒక చిన్న సీసాను రెండు వేళ్ళతో పైకెత్తి, జనానికి చూపించి నవ్వినాడు.

"చూడండయ్యా! సర్కారు ఇచ్చిన మందును ఈయమ్మ ఐసుపుల్ల చేసి తెచ్చింది!"

వరసలో కొందరు నవ్వినారు. నవ్వకపోతే తమ వంతు వచ్చినప్పుడు చీటీ సరిగా రాయడేమోనని నవ్వినారు. ఆ సీసా తెచ్చింది కుళ్ళాయమ్మ. పక్కనే కూతురు మంజులత గోడకు ఆనుకొని, ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటా ఉండింది. పన్నెండేండ్ల పిల్ల. చక్కెర జబ్బు. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది పడాల్సిందే, లేకుంటే బిడ్డ దక్కదని అనంతపురం పెద్దాసుపత్రిలో చెప్పి పంపినారు. మందు ఇంటి దగ్గర్లో, గాలిబండలోనే తీసుకునేటట్టు రాసిచ్చినారు.

కుళ్ళాయమ్మ మొదట్నుంచీ పిరికిది. దండెం మీద తాడు కదిలినా పామంటుంది. మొగుడు జయరాముడు మగ్గం గుంతలోంచి లేవడం కొంచెం ఆలస్యమైతే, గుండె ఆగిందేమోనని తొంగి చూస్తుంది. అట్లాంటి మనిషికి "మందు చల్లగా పెట్టమ్మా" అని ఒక ముక్క చెప్పి పంపితే ఊరుకుంటుందా? నీళ్ళకుండ పక్కన పెడితే చాలదేమో, మందు వేడెక్కుతుందేమో, బిడ్డ చచ్చిపోతుందేమో అని దిగులుపడి, ధర్మవరం రైల్వే గేటు కాడ ఐసుపుల్లల అంగడాయన కాళ్ళావేళ్ళా పడి, సీసాను ఐసుపెట్టెలో పెట్టించింది. ఎంత చల్లగుంటే అంత మంచిదనుకుంది. మందు గడ్డకట్టి చెడిపోయింది. గడ్డకడితే చెడిపోతుందని చెప్పాల్సినవాడు అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు నవ్వుతున్నాడు.

"తెలీక చేసినా సార్. ఇంగొక సీసా ఇప్పించండి. నిన్నట్నుంచి సూది పళ్ళేదు బిడ్డకు."

"ఇంట్లో ఫ్రిజ్ ఉందా?"

"మగ్గమే మాది గాదు సార్. ఫ్రిజ్ యాడిది?"

"అయితే ఇంతే. ఫ్రిజ్ లేని ఇంటికి ఇన్సులిన్ రాయను. మీకిస్తే మట్టిపాలు. మాత్రలు మింగించు. తీపి పెట్టొద్దు."

"ఈ పిల్లకు మాత్రలు పన్జేయవని అనంతపురంలో..."

"డాక్టరు నువ్వా, నేనా? జబ్బు బిడ్డకు కాదు, నీకు. భయం జబ్బు. దానికి మందు లేదు. పో, పో. తర్వాతెవరు?"

నర్సు ప్రేమలత ఏదో చెప్పబోయి, డాక్టరు చూసిన చూపుకు నోరు మూసుకుంది. ఆమె వెనక గోడవారగా తెల్లటి ఫ్రిజ్ గుర్రుమంటా ఉండింది.

వరస చివరన ఉలిగమ్మ ఉంది. గాలిబండ మగ్గాల కాలనీకంతా అవ్వ. చక్కెర జబ్బుకు కాలివేళ్ళు పోగొట్టుకుంది. నోరు మాత్రం పోగొట్టుకోలేదు.

"ఏమే కుళ్ళాయీ, ఏడ్చుకుంటా పోతాండావు? వాణ్ణి నాలుగు దులిపి రాకూడదా?"

"తిడితే మందియ్యడేమో అవ్వా."

"తిట్టకపోతే ఇచ్చినాడా?"

కుళ్ళాయమ్మ బిడ్డ రెక్క పట్టుకొని ఇంటి దోవ పట్టింది.

మరుసటి పొద్దున కాలనీ వీధిలో పడుగు, మగ్గానికెక్కించే నిలువు పోగులు, చాచినారు. సావుకారి పట్టు. ఈ కొననుంచి ఆ కొనదాకా పోగులు బిగించి, రెండు పక్కలా ఆడామగా నిలబడి, తెగినవి అతుకుతా చిక్కులు తీస్తా ఉండారు. చాచిన పడుగును నడుమ వదిలిపోయేవాడు నేతగాడే కాదంటారు గాలిబండలో. ఇంట్లో పీనుగున్నా పడుగు చుట్టినాకే పోతారు. ఉలిగమ్మ ఆ అదను చూసుకొనే కర్ర పొడుచుకుంటా వచ్చి వీధి మధ్యన నిలబడింది. ఎవరూ లేచిపోలేరు. వినక తప్పదు.

"జయరాముడి బిడ్డ చావుబతుకుల్లో ఉండాది. డాక్టరు మందియ్యనన్నాడు. ఏం జేద్దాం?"

పోతులయ్య పోగు వదలకుండానే అన్నాడు. "ఏం జేస్తామవ్వా? ఆయమ్మే మందు చెడగొట్టుకునె. దానికి ఊరంతా ఏం జేస్తాది?"

"నీ ఇంట్లో ఉండాదేమప్పా ఫ్రిజ్జు?"

"నాకేం జబ్బు? నాకెందుకు ఫ్రిజ్జు?"

"పొద్దుగూకే లోపల కుండెడు నీళ్ళు తాగుతావని నీ పెండ్లామే చెప్పె. ఇప్పుడా పోగును ఎన్నిసార్లు అతుకుతాండావో నేను చూడలేదనుకున్నావా? నీ కండ్లకు ఆనితే గదా!"

వీధంతా నవ్వింది. పోతులయ్య మొహం మాడిపోయింది. నవ్వు ఆగినాక మాత్రం అందరూ మళ్ళీ పోగుల మీదికి వంగినారు. ఆ జబ్బు గాలిబండలో చాలామందికి ఉంది. అడిగితే ఒక్కరికీ లేదు. ఉందని తెలిస్తే, కండ్లు పోయేవానికి జరీ పని ఎందుకని సావుకారు మగ్గం వేరేవాళ్ళకిచ్చేస్తాడు. అందుకే దాచుకుంటారు. ఒకరొకరే ఆసుపత్రికి పోతారు. ఒకరొకరే మాటపడి వస్తారు.

గూడ్సు షెడ్డు హమాలీ దానియేలు ముందుకొచ్చినాడు. కాలనీలో కాపురం, సంఘం మనిషి.

"అన్నా, సర్కారు మందు మనది. ఆసుపత్రిలో దాన్ని నిలవబెట్టే ఫ్రిజ్జు మనది. ఇంట్లో ఫ్రిజ్జున్నోడికే మందంటే, చెప్పులున్నోడే దోవన నడవాలన్నట్టుండాది. ఒకరు పోతే గద్దిస్తాడు. అందరం పోతే ఎవర్ని గద్దిస్తాడు?"

"మరి పడుగు?" అన్నారెవరో.

అప్పుడే కుళ్ళాయమ్మ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"పిల్ల ఎగశ్వాస పీలుస్తాంది! నోరు మాగిన పండు వాసనొస్తాంది! పిలిస్తే పలకదు! ఎవరన్నా రాండప్పా!"

ఎవరూ కదల్లేదు. అందరి చేతుల్లోనూ పోగులే. కుళ్ళాయమ్మ ఈ పక్క చూసింది, ఆ పక్క చూసింది. ఆమె గొంతు అంత పైకి లేవడం ఆ వీధి ఎప్పుడూ వినలేదు.

"మందు నేనే చెడగొట్టినా. తిట్టండి, కొట్టండి. నేను పిరికిదాన్నే. పిల్లి దూకినా భయమే నాకు. మరి మీరు? భయపడే గదా జబ్బును కడుపులో దాచిపెట్టుకునేది! నా భయం బయటుండాది, మీ భయం లోపలుండాది. అంతే గదా తేడా!"

పోతులయ్య చేతిలోని పోగును చూసుకున్నాడు. మెల్లగా వదిలినాడు.

"నాక్కూడా ఉండాది," అన్నాడు. "రెండేండ్లాయె."

"నాకూ," అనింది పక్కన నిలబడిన ఆడమనిషి. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలీలేదు. సావుకారి పట్టు వీధిలో ఎండకు ఎండతా ఉండగానే, మంచం మీద పిల్లను పడుకోబెట్టి, నలుగురు నాలుగు కాళ్ళు భుజానికెత్తుకున్నారు. గాలిబండ గాలిబండంతా వాళ్ళ వెనక నడిచింది.

"ఏంది గలాటా? అందరూ బయటికి నడవండి!" ఆసుపత్రిలో డాక్టరు కుర్చీలోంచి లేచినాడు.

"మందియ్యి, ఈ ఫ్రిజ్జులో పెట్టనియ్యి, పోతాం," అనింది ఉలిగమ్మ. ఫ్రిజ్ ముందర నేల మీద చతికిలబడింది. ఆమె వెనక హాలంతా కూర్చుంది.

"అది టీకాల ఫ్రిజ్. రూలు ఒప్పుకోదు!"

"సార్." ప్రేమలత ముందుకొచ్చింది. "ముందు పిల్లను చూడండి సార్."

డాక్టరు మంచం కాడికొచ్చి వంగినాడు. ఇన్సులిన్ అందక ఒళ్ళు విషమైనప్పుడు వచ్చే పండు వాసన తగిలింది. మొహంలో నెత్తురు లేకుండా పోయింది. తప్పయిందని అనలేదు. "సెలైన్ పెట్టు. ఇన్సులిన్ తియ్యి. అనంతపురానికి జీపు చెప్పు," అని నోట్లోనే గొణిగి, తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. తలుపు అద్దంలోంచి అందరికీ కనబడింది. ఫోనెత్తినాడు.

"పోలీసులకే," అన్నాడు దానియేలు. "చెయ్యనీ. ఇది మంజులత ఒక్కదానికే అయిపోదు. ఫ్రిజ్ లేని ప్రతి ఇంటి మందూ ఈడనే పెట్టాల. పొద్దునా మాపునా వచ్చి సూది ఏయించుకొని పోతాం. కాగితం మీద రాసియ్యాల. అంతదాకా ఎవరూ లేయొద్దండి!"

సూది పడింది. సెలైన్ సీసా పట్టుకొని జయరాముడు బిడ్డతో జీపెక్కినాడు. కుళ్ళాయమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టిందో లేదో, పోలీసు వ్యాను గేటులోకొచ్చి ఆగింది. డాక్టరు గదిలోంచి బయటికొచ్చి వేలు చూపించినాడు.

"ఆమే! అందర్నీ ఎగదోసి తెచ్చింది ఆమే!"

ఎస్సై వచ్చి రెక్క పట్టుకొని లాగినాడు. జయరాముడు అరిచినాడు. "బిడ్డ తల్లి సార్ ఆమె! వదలండి సార్!" డ్రైవరు ఇంజను ఆపబోయినాడు.

బిడ్డ మొహం ఇంకా చూడాలని కుళ్ళాయమ్మ ప్రాణం కొట్టుకుంది. ఇదే కడసారేమో. చల్లబడిన ఆ చెయ్యి మళ్ళీ పట్టుకుంటానో లేదో. అయినా ఆమె నోట్లోంచి వచ్చిన మాట వేరే.

"ఆపొద్దు! నాకోసం ఆపొద్దు! పోనీ నాయనా, పోనీ!"

జీపు పోయింది.

వ్యానులో ఆమెతోపాటు, అడ్డమొచ్చిన ఉలిగమ్మను, దానియేలును, పోతులయ్యను గూడా ఎక్కించినారు. ఇన్నేండ్లలో కుళ్ళాయమ్మ ఊహించని కీడు లేదు. పోలీసు వ్యాను ఒక్కటి ఎందుకో ఊహించలేదు. ధర్మవరం స్టేషన్లో పెడితే జనం ఊరుకోరని పెనుకొండకు తోలినారు.

"ఏడవద్దే," అనింది ఉలిగమ్మ. "బస్సు ఛార్జీ లేకుండా పెనుకొండ చూపిస్తాండారు. చూడు."

కుళ్ళాయమ్మకు నవ్వు రాలేదు. కండ్లు మూస్తే పాడె, తెరిస్తే లాఠీ. అనంతపురం చేరినారో లేదో. జీపు దోవలో చెడిపోయిందేమో.

పొద్దు వాలే వేళకు పెనుకొండ స్టేషను కటకటాల కాడికి ఆ ఊరి ఆడవాళ్ళు కొందరొచ్చినారు. ముందరున్నామె పేరు రమాదేవి.

"గాలిబండ కుళ్ళాయమ్మంటే ఎవరక్కా?"

కుళ్ళాయమ్మ లేచి నిలబడింది. "నేనే. చెప్పమ్మా. ఏమైనా చెప్పు."

"నీ బిడ్డ కండ్లు తెరిచిందంట. నీళ్ళడిగిందంట. దానియేలన్న సంఘమోళ్ళు, ఈడి రైల్వే హమాలీలు, ఫోన్లో కనుక్కొని మాకు చెప్పి పంపినారు. మీ ఊరోళ్ళు ఆసుపత్రిలోంచి ఇంకా లేయలేదంట."

కుళ్ళాయమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఏడుపు ఆగినాక కూడా రమాదేవి కటకటాలు వదల్లేదు. గొంతు తగ్గించింది.

"అక్కా, మా నాయనకు గూడా మా కాడ డాక్టరు అదే అన్నాడు. ఫ్రిజ్జు లేదు, మందు లేదని. మేమేం జేయాలక్కా?"

"ఏయ్, ములాఖత్ అయిపోయింది, జరుగు!" కానిస్టేబులు లాఠీతో ఇనుప చువ్వలను తట్టినాడు.

ఆ చప్పుడుకు కుళ్ళాయమ్మ ఉలిక్కిపడింది. అయినా చువ్వల కాడికి జరిగింది.

"మీ వీధిలో ఎంతమందికుండాదమ్మా?"

"ఎవరూ చెప్పరక్కా."

"చెప్తారు. ముందు నువ్వు చెప్పు. గుసగుసగా గాదు. అందరికీ ఇనపడేటట్టు."

రమాదేవి కానిస్టేబులును చూసింది. వెనక నిలబడినవాళ్ళను చూసింది. గొంతు సవరించుకుంది.

"మా నాయనకు చక్కెర జబ్బుండాది!"

వెనకనుంచి, ఎవరిదో, ఇంకొక గొంతు లేచింది.

"నాకూ!"