చీకట్లో మిగిలిన సీసా

మా ఆయన మీద నాకున్నది ఒకే ఒక్క ఫిర్యాదు. లోకంలోని నీళ్ళన్నీ శుభ్రం చేస్తారు గాని, తాను తాగిన గ్లాసు మాత్రం తాగిన చోటే ఉంటుంది.

ఆయన పరిశోధకుడు. ఆసుపత్రి మురుగునీటిలో కలిసే యాంటిబయాటిక్ మందుని వెలుతురు సాయంతో విరగ్గొట్టే పొడి ఒకటి తయారుచేశారు. మందు కలిపిన పసుపురంగు నీళ్ళలో ఆ పొడి వేసి దీపం కింద పెడితే, సాయంత్రానికి నీళ్ళు తేటపడతాయి. ల్యాబులో సీసాలు కడిగే మనిషి మానేసి ఆరు నెలలైంది. అప్పట్నుంచీ ఆ సీసాలు సంచీలో మా వంటింటికే వస్తున్నాయి. "నువ్వు కడిగినంత శుభ్రంగా ఎవరూ కడగరోయ్" అన్నారు. మెచ్చుకున్నారనుకున్నాను, పిచ్చిమొహాన్ని. అడుగున అంటిన పొడి ఊరికే వదలదు. బట్టలసోడా కలిపిన వేడి నీళ్ళు పోసి రుద్దాలి. సింకుకి పసుపు మరక పట్టింది. "కెమిస్ట్రీలో డిగ్రీట, సింకు తోమడం మాత్రం రాదు" అని అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించేవారు.

మొన్న సంచీలో వాడని సీసా ఒకటి వచ్చింది. మందూ పొడీ కలిపారు, దీపం కింద పెట్టడం మరిచిపోయారు. సింకు కింది అరలో పెట్టి తలుపు మూశాను. రెండు రోజుల తర్వాత తీసి చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. వెలుతురు సోకనేలేదు, మరి మందెలా విరిగింది? అడుగున పొడి పసుప్పచ్చగా ఉంది. వేడి సోడానీళ్ళు పోశాను. పసుపంతా మళ్ళీ పైకి తేలింది. మందు విరగలేదు, పొడికి అతుక్కుని కూర్చుంది అంతే. ఆరు నెలలుగా దాన్ని వలిచి వలిచి కాలవలోకి పంపిన చేతులు నావే. ఆ మరక నా చేతకానితనం కాదు, ఆయన మందు.

వచ్చే గురువారం ఆ పొడిని మొదటిసారి ఆసుపత్రి మురుగునీటి ట్యాంకులో వేస్తారు. ఆ తర్వాత వారానికోసారి పొడి కడిగిన నీళ్ళు ఏట్లోకి వదులుతారు. ఊరంతా తాగేది ఆ ఏటి నీళ్ళే.

"చీకట్లో పెట్టి చూశారా?" అన్నాను, ఆయన కాఫీ తాగుతుంటే.

"చూశాం. పది నిమిషాలు."

"నేను రెండు రోజులు చూశాను."

"వంటింట్లో ప్రయోగాలేంటోయ్!" నవ్వారు.

"వాడు ఇరవయ్యేళ్ళుగా అదే పనిలో ఉన్నాడమ్మా" అన్నారు అత్తగారు.

ఆయన్ని సింకు దగ్గరికి తీసుకెళ్ళాను. సంచీలో ఉన్న సీసాల్లోంచి, దీపం కింద పెట్టి తెచ్చిందే ఒకటి, ఆయన్నే ఏరుకోమన్నాను. పైనున్న తేటనీళ్ళు పారబోసి సోడానీళ్ళు పోయించాను. పసుపు. ఇంకోటి తీసి పోశారు. పసుపు. మూడోదీ పసుపే.

తడిచేత్తోనే ఆసుపత్రి ఇంజనీరుకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి గట్టు మీద ఉంచారు. "గురువారం వద్దండీ. రిజల్ట్స్‌లో చిన్న తేడా కనిపిస్తోంది..."

నేను కొళాయి కట్టేశాను.

"తేడా అంటే ఏంటి సార్? మీ స్టూడెంట్లు ఏమైనా పొరపాటు చేశారా?"

ఆయన నా వంక చూశారు. మరక వంక చూశారు. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మ వంక చూశారు.

"కాదండీ. తప్పు నాది. చీకట్లో పెట్టి సరిగ్గా చూడలేదు. ఆరు నెలలుగా మా ఆవిడ చేత ఆ మందే కడిగిస్తున్నాను."